చూసినవాళ్లు మాట్లాడరాదు

మా ఊళ్లో సినిమా బాగుందో లేదో తేల్చేది పేపర్లు కాదు, టీవీలు కాదు, కనకరత్నం టాకీసు గేటు. మ్యాట్నీ వదిలే వేళకి ఫస్టుషో జనం ఆ గేటు బయట మూగి ఉంటారు. లోపలినుంచి వచ్చేవాళ్లని పట్టుకుని "ఎలాగుందండీ?" అని అడుగుతారు. అడిగేవాడికీ చెప్పేవాడికీ పరిచయం అక్కర్లేదు. కోర్టులో ఒకరి మీద ఒకరు కేసులు వేసుకున్న అన్నదమ్ములు కూడా ఆ గేటు దగ్గర మాట్లాడుకోవడం నేను చూశాను. టిక్కెట్టు తీసుకోవాలా, ఇంటికెళ్లి అన్నం తినాలా అన్నది ఆ ఒక్క జవాబుతో తేలిపోతుంది.

ఆ జవాబుల్లో ఆఖరి మాట మా తాతబ్బాయిది. తాతబ్బాయి ధాన్యం బ్రోకరు. రైతుకీ మిల్లుకీ మధ్య కాగితం ముక్క లేకుండా, నోటిమాట మీద లారీలు కదిలించే మనిషి. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి పంటి కింద వేసుకుని, ఓ మాటనేవాడు. ఆ మాటకి తిరుగులేదు. సినిమాలకీ అంతే. రిలీజు రోజు మ్యాట్నీ చూసొచ్చి, గేటు ఎదురుగా అబ్బులు టీకొట్టు దగ్గర నిలబడి తీర్పు చెప్పేవాడు. "చూసెయ్యండి" అన్నాడంటే సినిమా బ్రహ్మాండం. "ఒకసారి చూడొచ్చు" అంటే పనీపాటా లేనివాళ్లు వెళ్లొచ్చని. "ఫస్టాఫ్ బాగుంది" అంటే ఇంటర్వెల్‌లో వచ్చేయమని. "ఏసీ బాగుందండి" అన్నాడా, ఇక ఆ సినిమాకి నీళ్లొదిలేసుకోవడమే. నాకు ఆ పక్క సందులోనే ఎరువుల కొట్టు. శుక్రవారం సాయంత్రం బేరాలు మానుకుని మరీ ఆ తీర్పు వినడానికి వెళ్లేవాణ్ని.

ఇలా ఉండగా ఓ పెద్ద హీరోగారి పెద్ద సినిమా శుక్రవారం విడుదలై ఆదివారానికి ఇంటిముఖం పట్టింది. నిర్మాతలు వెళ్లి ప్రభుత్వం దగ్గర గుండెలు బాదుకున్నారు. ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసింది. కమిటీ రాష్ట్రమంతా తిరిగి, అన్ని ఊళ్ల బజ్జీలూ తిని, "సినిమాలు ఆడకపోవడానికి కారణం జనం వాటిని చూడటం, చూసి ఊరుకోకపోవడం" అని తేల్చింది. చూడటాన్ని నిషేధిస్తే టిక్కెట్లు తెగవు. అందుకని ఊరుకోకపోవడాన్ని నిషేధించారు. అలా పుట్టింది ప్రేక్షకాభిప్రాయ పరిరక్షణ మండలి.

మా ఊరికి అభిప్రాయాధికారిగా పరాంకుశం గారు వచ్చారు. అంతకుముందు ఆయన గోదాముల్లో ఎలుకల నివారణ చూసేవారట. ఎండాకాలంలో కూడా కోటు విప్పరు. వచ్చిన రోజే అబ్బులు టీకొట్టు ముందు మైకు పెట్టించారు.

"ప్రేక్షక మహాశయులారా! అభిప్రాయము అనునది అత్యంత సున్నితమైన జాతీయ సంపద. దానిని టీకొట్ల వద్ద విచ్చలవిడిగా వెదజల్లుట ఎంతమాత్రము తగదు. ఇకమీదట సినిమాలపై అభిప్రాయమును మండలి మాత్రమే విడుదల చేయును. తాము సినిమాను చూచిన చాలును."

తాతబ్బాయి టీ గ్లాసు కింద పెట్టాడు. "మరి ఎవరైనా ఎలాగుందని అడిగితే ఏం చెప్పాలండి?"

"చూచితిని అని చెప్పవలెను."

"చూశానని వాడికీ తెలుసు కదండీ. ఎలాగుందని కదా అడుగుతాడు?"

"అట్లు అడుగుట అడిగినవాని నేరము. దానికి వేరొక సెక్షను కలదు."

ఆ శుక్రవారం మ్యాట్నీ వదిలాక జనం తాతబ్బాయి చుట్టూ చేరారు గానీ, ఎవరూ నోరెత్తి అడగలేదు. తాతబ్బాయి ఆకాశంలోకి చూసి, "ఏసీ బాగుందండి" అన్నాడు. క్షణంలో గేటు ముందు నరపురుగు లేదు.

సోమవారం పరాంకుశం గారు తాతబ్బాయిని ఆఫీసుకి పిలిపించారు. తోడు నేనూ వెళ్లాను.

"ఏసీ బాగున్నదనుటలో సినిమా బాగులేదను ధ్వని కలదని మాకు నివేదిక అందినది" అన్నారాయన.

"అబ్బే, అదేం లేదండి. చల్లగా ఉంది, చల్లగా ఉందన్నాను."

"సదరు హాలులో ఏసీ పాడై చాలా కాలమైనదని మా విచారణలో తేలినది. పనిచేయని ఏసీని పొగుడుటలో దురుద్దేశము స్పష్టము."

దాంతో ఏసీని పొగడటం నిషేధించారు. జనం సమోసాల మీద పడ్డారు. సమోసాలు నిషేధించాక పార్కింగు బాగుందన్నారు. పార్కింగునీ నిషేధించాక ఏమీ అనకుండా ఇళ్లకి పోవడం మొదలుపెట్టారు. అప్పుడు మండలికి ఇంకో సంగతి తట్టింది. తెలుగువాడు సినిమా చూసి ఏమీ అనకుండా ఇంటికి పోతున్నాడంటే అంతకన్నా ఘోరమైన అభిప్రాయం ఉండదు. కాబట్టి మౌనాన్ని కూడా నిషేధించి, హాలు దాటే ప్రతివాడూ గేటు దగ్గర ఒక వాక్యం పలకాలని ఉత్తర్వు ఇచ్చారు. వాక్యాన్ని మండలివారే తయారుచేసి పంపారు. "సినిమా చూచితిని. ప్రదర్శన పూర్తి అయినది."

ఇందులో ఏం పట్టుకుంటారు అనుకున్నారు పాపం. ఆ శుక్రవారం తాతబ్బాయి గేటు దగ్గర నిలబడి, "సినిమా చూచితిని" అని ఆగి, ఓ నిట్టూర్పు విడిచి, "ప్రదర్శన... పూర్తి అయినది!" అని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఫస్టుషో జనం నవ్వుకుంటూ ఇళ్లకి పోయారు.

అప్పుడు కల్యాణ మండపంలో నిర్వికార స్వర శిక్షణా తరగతులు పెట్టారు. ఊరంతా చాపల మీద కూర్చుని వాక్యం వల్లెవేశాం. నిట్టూర్చకూడదు, నవ్వకూడదు, 'పూర్తి' దగ్గర సాగదియ్యకూడదు. నేను మొదటిసారే పాసై మొదటి బహుమతి కొట్టేశాను. కొట్టుకొచ్చే రైతులకి ఏళ్ల తరబడి అన్ని ఎరువులూ మంచివేనని చెప్పి చెప్పి నా గొంతు ఏనాడో చచ్చిపోయింది. తాతబ్బాయి మాత్రం ఎన్ని తరగతులకి వచ్చినా ఫెయిలే. లోపల ఉన్నది గొంతులోకి రాకుండా ఆపడం ఆ మనిషికి చేతకాదు.

గొంతు అదుపులోకి వచ్చాక మొహం మిగిలింది. బయటికొచ్చేటప్పుడు అందరూ మొహానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకోవాలన్నారు. రుమాలు పైనుంచి కళ్లు కనబడుతున్నాయని, అసలు ముందు గేటే మూసేసి, వెనకాల రైసుమిల్లు సందులోంచి జనాన్ని వదలడం మొదలుపెట్టారు. ఆ సందులో ఊక తప్ప వినేవాళ్లు లేరు. సినిమా మధ్యలో లేచి వచ్చేయడం అభిప్రాయం కిందికొస్తుందని తలుపులకి తాళాలు వేశారు. రెండోసారి చూడటం కూడా అభిప్రాయమేనని, ఒకసారి చూసినవాడికి మళ్లీ టిక్కెట్టు ఇవ్వడం మానేశారు. హైస్కూలు టీచరు మంగతాయారు గారు ఏదో అమ్మ సెంటిమెంటు సినిమా చూసి కళ్లు తుడుచుకుంటూ వస్తే, పరాంకుశం గారి మనుషులు అక్కడే ఆపేశారు.

"ఈ కన్నీళ్లు సినిమాకు సంబంధించినవా?" అని అడిగారు పరాంకుశం గారు.

"కళ్లకలకండి" అందావిడ భయపడిపోయి.

"అయినచో కంటి డాక్టరు వద్ద నుండి ధ్రువపత్రము తీసుకురావలెను."

ఆవిడ ధ్రువపత్రం తెచ్చుకుంది. ఆ తర్వాత కామెడీ సినిమాలకి తప్ప వెళ్లలేదు. అక్కడ ఎలాగూ ఎవరికీ ఏమీ రాదు, నవ్వుతో సహా.

ఇంత చేశాక జనానికి ఒక సందేహం వచ్చింది. మండలివారు అభిప్రాయం విడుదల చేస్తామన్నారు కదా, మరి వాళ్లలో సినిమా చూసేదెవరు? ఆ ముక్కే తాతబ్బాయి అడిగితే పరాంకుశం గారు జాలిగా నవ్వారు.

"చూచినవాడు ప్రభావితుడు. ప్రభావితుని అభిప్రాయము చెల్లదు. నిష్పాక్షికముగా చెప్పవలెనన్న చూడకుండుటయే మార్గము. నేను సినిమా చూచి ముప్పది సంవత్సరములైనది. ఆ అర్హతపైననే నన్ను ఎంపిక చేసిరి."

"మరి చూడకుండా ఎలా చెప్తారండి?"

"హీరోగారి కటౌటు ఎత్తునుబట్టి."

ఇక్కడే చట్టంలో ఉన్న కిటుకు ఊళ్లో అందరికీ అర్థమైంది. నిషేధం చూసినవాళ్లకే. చూడనివాళ్లు ఎంత కావాలంటే అంత మాట్లాడుకోవచ్చు. దాంతో హీరోల అభిమానులకి పండగ వచ్చింది. వాళ్లు ముందునుంచీ ఆ పద్ధతిలోనే ఉన్నారు గనక కొత్తగా నేర్చుకోవలసింది లేకపోయింది. ఇంకా షూటింగు మొదలుకాని సినిమా సెకండాఫ్ గురించి టీకొట్టు దగ్గర కంటతడి పెట్టుకునేవాళ్లు. మాట్లాడకుండా ఉండలేని మామూలు జనం కూడా నెమ్మదిగా సినిమాలు చూడటం మానేశారు. చూస్తే నోరు మూతపడుతుంది, చూడకపోతే కావలసినంత కబుర్లు. హాలు ఖాళీ, అబ్బులు టీకొట్టు కిటకిట. జిల్లాలో చెడ్డ టాకు సమూలంగా నిర్మూలించబడిందని మండలి పైకి నివేదిక పంపింది. పరాంకుశం గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లో తాతబ్బాయి మేనల్లుడు రాజారత్నం సినిమా తీసుకుని ఊళ్లోకి దిగాడు.

రాజారత్నం ఏళ్ల తరబడి హైదరాబాదులో ఇంకొకళ్ల సినిమాలకి క్లాపు కొట్టి, చివరికి సొంతంగా ఒకటి తీశాడు. పేరు 'కుడివైపు కిటికీ'. పల్లె బస్సులో కండక్టరమ్మ, ఆవిడ ఉద్యోగంలో ఆఖరి రోజు, అంతే కథ. హీరో లేడు. కటౌటు లేదు. పోస్టర్లు అతికించడానికి మైదాపిండి కూడా వాళ్లమ్మే ఇంట్లో ఉడకబెట్టింది. రాష్ట్రంలో ఆ సినిమాని వేసుకోవడానికి ఒప్పుకున్న ఒకే ఒక్క హాలు మా కనకరత్నం టాకీసు. ఆదివారం మ్యాట్నీకి సగం హాలైనా నిండితే ఉంచుతాం, లేకపోతే సోమవారం తీసేస్తాం అన్నాడు మేనేజరు. ఇక్కడ ఓ వారం ఆడిందంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడుగుతారు. ఆడలేదంటే ఆ సినిమా పుట్టినట్టు కూడా ఎవరికీ తెలియదు.

"మావయ్యా, దీనికి టాకు తప్ప దిక్కు లేదు" అన్నాడు రాజారత్నం. "చూసినవాళ్లు పదిమందికి చెప్తేనే నడుత్తాది."

"చూసినవాళ్లు చెప్పకూడదు కదరా."

"ఆడకపోతే పోనీ మావయ్యా. అసలు నేను తీసింది బాగుందా, చెత్తా? అదన్నా ఎవరో ఒకరు చెప్పాలి కదా? నా అంతట నాకు తెలీట్లేదు. చూసి చూసి కళ్లు మొద్దుబారిపోయాయి. బాగోలేదనైనా సరే, చెప్పండి."

మేం ముగ్గురం పరాంకుశం గారి దగ్గరికి వెళ్లి, మండలి తరఫున మంచి అభిప్రాయం ఒకటి విడుదల చెయ్యమని బతిమాలాం. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు.

"తమ చిత్రమున కటౌటు లేనందున కొలుచుటకు వీలుపడదు. విషయము పరిశీలనలో ఉంచబడినది."

"పోనీ ఒక్కసారి చూడండి సార్" అన్నాడు రాజారత్నం.

పరాంకుశం గారు చెవులు మూసుకున్నారు. "ఒక ప్రభుత్వాధికారిని ప్రభావితుని చేయ ప్రయత్నించుట నేరము. తమ వయసు దృష్ట్యా ఉపేక్షించుచున్నాను."

శుక్రవారం మ్యాట్నీకి తాతబ్బాయి అందరికన్నా ముందు టిక్కెట్టు తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయాడు.

"ఏంటి, రావా?" అన్నాను.

"లోపలికెల్తే నా నోరు మూతపడుద్ది గురూ. బయటుంటే నాలుగు మాటలు చెప్పొచ్చు. ఆయ్, నేను చూడను. నా మేనల్లుడి సినిమా నేను చూడకుండా ఉండటమే వాడికి నేను చేసే సాయం."

టిక్కెట్టు నా చేతిలో పెట్టి టీకొట్టు వైపు నడిచాడు. ఊహ తెలిసినప్పటినుంచీ ఏ సినిమా మొదటి ఆటా వదలని మనిషి, అయినవాడి సినిమా దగ్గర గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు.

నేను లోపలికెళ్లి చూశాను. ఎలా ఉందో ఇక్కడ రాయకూడదు. రైసుమిల్లు సందులోంచి బయటికొస్తుంటే గోడవారగా రాజారత్నం నిలబడి ఉన్నాడు. వచ్చిన గుప్పెడు మందినీ పేరుపేరునా అడుగుతున్నాడు, "ఎలాగుందండీ?" అని. అందరూ రుమాలు అడ్డం పెట్టుకుని అదే చచ్చు గొంతుతో, "సినిమా చూచితిని. ప్రదర్శన పూర్తి అయినది" అంటూ వెళ్లిపోతున్నారు. మంగతాయారు టీచరుగారు నేల చూపులు చూస్తూ దాదాపు పరిగెత్తింది. నా వంతు వచ్చింది. పక్కనే పరాంకుశం గారి మనిషి. నాకు నా ఎరువుల లైసెన్సు గుర్తొచ్చింది. "సినిమా చూచితిని" అన్నాను. శిక్షణ తరగతిలో నాకు మొదటి బహుమతి ఊరికే ఇవ్వలేదు.

అక్కడ టీకొట్టు దగ్గర తాతబ్బాయి గొంతు చించుకుంటున్నాడు. "చూసెయ్యండి బాబూ! చూసెయ్యండి! ఇలాంటి సినిమా మళ్లీ రాదు!"

"నువ్వు చూశావా?" అనడిగారెవరో.

"చూడలేదండి."

"మరి ఎలాగుందో నీకెలా తెలుసు?"

తాతబ్బాయి మళ్లీ అదే అరిచాడు. అటుపక్క ఒక అభిమాన సంఘం వచ్చే ఏడాది రాబోయే సినిమాకి కొబ్బరికాయలు కొడుతోంది. ఇటుపక్క ఇంకో సంఘం కథే అనుకోని సినిమాని చరిత్రలో నిలిచిపోయేదంటోంది. ఆ గోలలో తాతబ్బాయి 'చూసెయ్యండి' కూడా ఒక కొబ్బరికాయ చప్పుడైపోయింది.

శనివారం ఇంకా గట్టిగా అరిచాడు. ఫోటోగ్రఫీ అద్భుతమన్నాడు, సంగీతం అమోఘమన్నాడు, తనకి తెలియని మాటలన్నీ అన్నాడు. జనం నవ్వారు. "తాతబ్బాయి కూడా చూడకుండా చెప్పే రకంలో కలిసిపోయాడ్రోయ్" అని ఒకడు అంటే అందరూ తలలూపారు. ఆ సాయంత్రం ధాన్యం అమ్ముకోవడానికొచ్చిన వీరాస్వామి అనే రైతు, తాతబ్బాయి ధర చెప్పగానే ఎగాదిగా చూశాడు.

"గింజ చూసే చెప్తన్నావా తాతబ్బాయిగారూ?"

పుట్టి బుద్ధెరిగాక తాతబ్బాయిని ఎవరూ ఆ మాట అడగలేదు. మనిషి మొహం నల్లబడిపోయింది. గింజలు మళ్లీ బస్తాలో పోసేశాడు.

ఆదివారం మ్యాట్నీకి హాల్లో పట్టుమని పదిమంది లేరు. మేనేజరు అప్పుడే రేపటి సినిమా పోస్టరు విప్పుకుంటున్నాడు. తాతబ్బాయి టీకొట్టు దగ్గర్నుంచి లేచి వచ్చి కౌంటర్లో చెయ్యి పెట్టాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"ఇంక అరిచి లాభమేముంది? వాడికి ఎవరో ఒకరు చెప్పాలి కదా, బాగుందో లేదో. జైల్లో పెడితే పెట్టుకోమను. చూసొచ్చి చెప్పేత్తాను."

ఆట వదిలే వేళకి నేనూ రాజారత్నం మిల్లు సందులో ఉన్నాం. ఈసారి పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. వెనకాల ఒకడు శాలువా, ఒకడు పూలదండ పట్టుకున్నారు. పరాంకుశం గారు గొంతు సవరించుకుని ఉత్తర్వు చదివారు.

"సదరు 'కుడివైపు కిటికీ' అను చిత్రముపై ప్రేక్షకుల నుండి ఎట్టి ప్రతికూల అభిప్రాయము అందనందున, అది ఘనవిజయము సాధించినట్లు మండలి నిర్ధారించినది. దర్శకునికి అభినందనలు."

శాలువా కప్పారు, ఫోటో తీశారు. రాజారత్నం శాలువాతోనే తలుపు వైపు చూస్తున్నాడు. అప్పుడే ఇవతలి తలుపు తెరుచుకుని తాతబ్బాయి వచ్చాడు. రుమాలు లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పరాంకుశం గారిని పక్కకి తోసుకుంటూ వచ్చి మేనల్లుడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాగుందిరా అల్లుడూ! చాలా బాగుంది. ఇలాంటి సినిమా మళ్లీ రాదురా!"

పరాంకుశం గారు ముందుకొచ్చారు. "ప్రస్తుత వ్యాఖ్య చిత్రమును చూచిన పిదప చేసినదా?"

"చూశాకేనండి! ఆయ్! కేసు రాసుకోండి. జైల్లో పెట్టండి. నేను చూశాను, బాగుందన్నాను!"

పరాంకుశం గారు తన మనిషి చెవిలో ఏదో అడిగారు. అతనేదో చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపారు.

"తాము చూడక మునుపు కూడ ఇవే మాటలు పలికినట్లు సాక్ష్యము కలదు. చూచిన పిదప తమ మాటలో ఎట్టి మార్పు కానరానందున తాము ప్రభావితులైనట్లు ఋజువు లేదు. చర్య తీసుకొనుటకు వీలుపడదు."

"అలాగంటే ఎలాగండీ బాబూ!" తాతబ్బాయి ఆయన కోటు పట్టుకున్నాడు. "మీకు దణ్ణం పెడతాను, కేసు రాయండి. చూశానని మీరన్నా రాసివ్వండి. వీడు నమ్మాలి కదండీ!"

పరాంకుశం గారు కోటు విదిలించుకుని వెళ్లిపోయారు. తాతబ్బాయి మేనల్లుడి వైపు తిరిగాడు. "నిజంరా. ఒట్టు. బాగుందిరా" అన్నాడు.

రాజారత్నం శాలువా తీసి నెమ్మదిగా మడతపెట్టాడు.

"శుక్రవారం నుంచీ అదే అంటన్నావు కదా మావయ్యా" అని బస్టాండు వైపు నడిచాడు.